ముందు నీళ్ళు... ఆ తర్వాతే సముద్రపు పువ్వు!

డాక్టరుగారి వెయిటింగ్ రూములోనో, పెద్ద హోటలు హాల్లోనో సముద్రపు చేపల అక్వేరియం కనబడితే చాలు, పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి అక్కడే నిలబడిపోతారు. నారింజరంగు ఒంటి మీద మూడు తెల్లచారలున్న బుల్లి చేప, వేళ్ళలా ఊగే ఓ పువ్వు మధ్యలో దోబూచులాడుతుంటే పెద్దవాళ్ళకి మాత్రం చూడాలనిపించదూ! 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' కార్టూన్ సినిమా పుణ్యమా అని ఆ చేప పిల్లలందరికీ పరిచయమే. దాని అసలు పేరు క్లౌన్ చేప. అది కాపురముండే పువ్వు పేరు సీ ఎనిమోన్.

"అమ్మా, మనింట్లో కూడా పెట్టుకుందాం" అని పిల్లలు మొదలుపెడతారు. నాన్నగారు సరేనంటారు. తొట్టి, ఉప్పు, చేపలు, ఎనిమోన్ అన్నీ ఒకే ఆదివారం ఇంటికి వచ్చేస్తాయి. నెల తిరక్కుండా ఎనిమోన్ కాస్తా కుళ్ళిపోతుంది, నీళ్ళు వాసన కొడతాయి, చేపలు తేలిపోతాయి. ఆ తర్వాత ఆ అద్దాలతొట్టిలో ఉల్లిపాయలు పోసుకోవడమే!

ఇలా ఎందుకవుతుందంటారా? డబ్బు తక్కువ పెట్టడం వల్ల కాదు, ప్రేమ లేక అంతకన్నా కాదు. వరస తప్పడం వల్ల. ఎనిమోన్ అన్నిటికన్నా ఆఖర్న రావలసిన అతిథి. ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే మిగతాదంతా మనం రోజూ వంటింట్లో చేసే పనిలాంటిదే.

పువ్వు కాదు, ప్రాణి

ఎనిమోన్‌ని చూసి చాలామంది అదొక మొక్క అనుకుంటారు. కాదు, అది జంతువు. దానికి రాతిని పట్టుకునే పాదం ఉంటుంది. మధ్యలో నోరుంటుంది. నోటి చుట్టూ వేళ్ళలాంటి టెంటకిల్స్ ఉంటాయి. ఆ వేళ్ళలో కంటికి కనిపించనంత చిన్న విషపు ముళ్ళుంటాయి. అటుగా వెళ్ళిన చిన్న చేపనో రొయ్యనో వాటితో పొడిచి, పట్టుకుని తినేస్తుంది.

మరి క్లౌన్ చేపని ఎందుకు పొడవదు? ఆ చేప ఒంటి మీద ఉండే జిగురుపొర దాన్ని కాపాడుతుంది. కొత్త ఎనిమోన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు క్లౌన్ చేప ఒక్కసారిగా దూకదు. ముందు తోక తగిలిస్తుంది, తర్వాత పొట్ట ఆనిస్తుంది. అలా మెల్లమెల్లగా అలవాటు పడుతుంది. పెద్దచేపలు తరుముకొస్తే ఎనిమోన్‌లో దాక్కుంటుంది. అందుకు బదులుగా ఎనిమోన్‌ని కొరుక్కుతినే చేపల్ని తరిమేస్తుంది. చేప విసర్జించేది ఎనిమోన్‌కి ఎరువులా పనికొస్తుంది.

ఈ ఇంట్లో మూడో మనిషి కూడా ఉంది! ఎనిమోన్ ఒంట్లో అతి సూక్ష్మమైన నాచు ఉంటుంది. ఆ నాచు వెలుతురు తీసుకుని ఆహారం తయారుచేసి, అందులో పెద్దభాగం ఎనిమోన్‌కే ఇస్తుంది. ఎనిమోన్‌కి గోధుమరంగు వచ్చేది దాని వల్లే. వెలుతురు చాలకపోయినా, నీళ్ళు వేడెక్కినా ఆ నాచు పోతుంది. ఎనిమోన్ తెల్లగా పాలిపోతుంది. అంటే చేపలతొట్టిలో మనం పెంచుతున్నది నిజానికి ముగ్గురిని. మూడోదాన్ని మర్చిపోతే మొదటిది బతకదు.

కాఫీ తిరగబోసినట్టు...

ఈ సరదా నిన్నమొన్నటిది కాదు. 1846లో అన్నా థిన్ అనే మహిళ సముద్రతీరం నుంచి రాతి పగడాలని లండన్‌లోని ఇంటికి తెచ్చుకుంది. ఇవి ఎనిమోన్‌కి దగ్గర చుట్టాలే. సముద్రపు నీళ్ళు రోజూ తెప్పించుకోవడం కుదిరే పని కాదు కదా! అందుకని ఉన్న నీళ్ళనే పనిమనిషి చేత తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ధారగా పోయించేది. అచ్చం మనం కాఫీ తిరగబోసినట్టే! ఆ ధారతో నీటికి గాలి అందేది. తర్వాత సముద్రపు మొక్కలు కూడా వేసి ఆ నీటిని నిలబెట్టింది. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం నిలబెట్టిన తొలి మనుషుల్లో ఆవిడ ఒకరు. ఈనాడు మనం పెట్టే పంపు చేస్తున్నది ఆ పనిమనిషి చేసిన పనే.

ఇంకో ముచ్చట చెప్పాలి. 1828లో స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒడ్డున రాళ్ళ మధ్య దొరికిన ఎనిమోన్‌ని గాజు జాడీలో పెట్టి పెంచాడు. 1851లో ఆయన పోయాడు. ఎనిమోన్ మాత్రం పోలేదు! ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారుతూ, 'గ్రానీ' అని పేరు తెచ్చుకుని, వందలకొద్దీ పిల్లల్ని కని, 1887 దాకా బతికింది. అది చల్లనీటి రకం, క్లౌన్ చేపలుండే రకం కాదు. అయినా ఒక మాట ఆలోచించండి. గాజు జాడీలో 59 ఏళ్ళు బతికిన జాతి మన ఇంట్లో 59 రోజులు బతకలేదంటే లోపం దానిది కాదు.

తొట్టి ఎంతుండాలి?

చిన్న తొట్టి అయితే చూసుకోవడం తేలిక అనుకోవద్దు. చిన్న గిన్నెలో చారు త్వరగా కాగినట్టే చిన్న తొట్టిలో నీళ్ళు త్వరగా పాడవుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 190 లీటర్ల నీళ్ళు పడతాయి. ఎనిమోన్ పెట్టాలంటే ఇంతకు తగ్గకుండా ఉంటే మంచిది. నీళ్ళు, అద్దాలు, రాళ్ళు కలిపి పావు టన్ను దాకా బరువుంటుంది. కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టెయ్యొద్దు. గట్టి ఇనుపస్టాండు చేయించి గోడవారగా పెట్టండి. నేరుగా ఎండపడే కిటికీ దగ్గరా, పొయ్యి సెగ తగిలేచోటా వద్దు.

తొట్టితోపాటు నీటిని తిప్పే పంపు, ప్రొటీన్ స్కిమ్మరు, మంచి ఎల్ఈడీ లైటు, థర్మామీటరు కావాలి. స్కిమ్మరు ఏం చేస్తుందంటే... పప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురగ గరిటెతో తీసేస్తామే, అదే పని. నీటిలోని మలినాన్ని నురగ కట్టించి కప్పులోకి తోసేస్తుంది. ఆ కప్పు రెండు మూడు రోజులకోసారి కడుక్కోవాలి.

అడుగున వేసే రాళ్ళ విషయంలో జాగ్రత్త! మనదేశంలో పగడాలకి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా "ఇవి సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ళండీ, లైవ్ రాక్" అని అమ్మజూపితే కొనకండి. అక్వేరియం కోసమే తయారుచేసిన రంధ్రాల సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి, అవి చాలు. అలాగే విశాఖ వైపు తీరంలో ఆటు సమయంలో రాళ్ళగుంటల్లో చిన్నచిన్న ఎనిమోన్లు కనబడతాయి. అవి క్లౌన్ చేపలుండే రకం కాదు. పిల్లలకి చూపించండి గానీ పెకలించి తేవద్దు.

నీళ్ళు, ఉప్పు

కొళాయి నీళ్ళు పనికిరావు. అందులో క్లోరిన్ ఉంటుంది. పాత గొట్టాల్లోంచి లోహాలు కూడా దిగుతాయి. ఆర్వో నీళ్ళు వాడాలి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మన వంటింటి ఆర్వో మిషన్లు చాలావాటిలో రుచి కోసం కొంచెం మామూలు నీళ్ళు తిరిగి కలిపే ఏర్పాటుంటుంది. మెకానిక్‌ని అడిగి ఆ కలిపేచోటుకి ముందే ఒక లైను తీయించుకోండి. టీడీఎస్ మీటరులో అంకె సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

వంటకి వాడే ఉప్పు, కళ్ళుప్పు వెయ్యకూడదు. సముద్రపు నీటిలో ఉప్పొక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం లాంటివి ఎన్నో ఉంటాయి. అక్వేరియం షాపుల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్నే కొనాలి. లీటరుకి సుమారు 35 గ్రాములు, అంటే 20 లీటర్ల బకెట్టుకి 700 గ్రాములు. అయితే కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా ఉంటుంది గనక ఉజ్జాయింపుగా వదిలెయ్యకుండా రిఫ్రాక్టోమీటరుతో చూసుకోవాలి. 1.025 చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. కలిపిన నీటిని చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పనిచ్చి, మర్నాడు వాడండి. బీచిలోంచి బిందెతో తెచ్చుకోవచ్చు కదా అంటే, ఊరి దగ్గర ఒడ్డునీటిలో కాలువల మురుగు, పడవల నూనె కలిసే అవకాశం ఉంటుంది. వానాకాలంలో ఉప్పదనం కూడా మారిపోతుంది.

సాంబారు మరిగి చిక్కబడితే ఉప్పగా అవుతుంది. అప్పుడు మనం ఏం పోస్తాం? నీళ్ళే కదా, ఉప్పు కాదు! తొట్టి కూడా అంతే. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అందులోనే ఉంటుంది. కాబట్టి రోజూ తగ్గిన మేరకి ఉత్త ఆర్వో నీళ్ళే పోయాలి. తొట్టి అద్దానికి బయట స్కెచ్ పెన్నుతో గీత గీసి పెట్టుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఉప్పునీళ్ళు పోసేది వారానికోసారి నీళ్ళు మార్చేటప్పుడు మాత్రమే.

నీళ్ళు ముదరాలి

పాలలో చేమిరి వెయ్యగానే పెరుగవుతుందా? అవదు. దానికి టైము కావాలి. అక్వేరియంలో కూడా కంటికి కనబడని సూక్ష్మజీవులు రాళ్ళలో, ఇసకలో పెరగాలి. చేపల విసర్జన, మిగిలిన తిండి వల్ల అమ్మోనియా తయారవుతుంది. అది విషం. ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, నీళ్ళు మారిస్తే తగ్గుతుంది.

ఈ ఏర్పాటు కుదరడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టిలో చేపలేవీ వెయ్యకుండా చిటికెడు చేపలమేత వేస్తూ, పంపు తిప్పుతూ ఉండండి. షాపులో టెస్ట్ కిట్లు దొరుకుతాయి. గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలమందు వేస్తే రంగు మారుతుంది. ఆ రంగుని అట్ట మీది రంగులతో పోల్చుకోవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకొచ్చాక చేపలు తెచ్చుకోవచ్చు.

ఎనిమోన్‌కి మాత్రం ఇది చాలదు. ఆ తర్వాత కూడా నీటి లక్షణాలు కొన్నాళ్ళపాటు పైకీ కిందకీ ఊగుతూ ఉంటాయి. అద్దాలకి గోధుమరంగు పాచి పడుతుంది, పోతుంది. చేప ఆ మార్పుల్ని తట్టుకుంటుంది, ఎనిమోన్ తట్టుకోదు. తొట్టి పెట్టి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది గడిచాక గాని ఎనిమోన్ తేవద్దు. "మా దగ్గర ఫలానా సీసా ఉంది, అది పోస్తే రేపే వెయ్యొచ్చు" అని అమ్మేవాళ్ళు చెబుతారు. విని నవ్వి ఊరుకోండి. ఆవకాయ కలిపిన పూటే ఊరిందంటే మనం నమ్ముతామా?

వెలుతురు, వేడి, కరెంటు

ఎనిమోన్ ఒంట్లో నాచుందని చెప్పుకున్నాం కదా, దానికి రోజుకి 8 నుంచి 10 గంటలు గట్టి వెలుతురు కావాలి. తొట్టితో ఉచితంగా వచ్చే బల్బు చాలదు. ఉప్పునీటి అక్వేరియాల కోసం చేసిన ఎల్ఈడీ లైటే కొనండి. టైమరు పెట్టుకుంటే మనం ఊరెళ్ళినా టైముకి వెలిగి, టైముకి ఆరుతుంది.

మన ప్రాంతంలో అసలు చిక్కు వేడితో. ఎనిమోన్‌కి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ సుఖంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళలో తొట్టి నీళ్ళు 30 దాటడం మామూలే. నీటి మీదకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్ళు ఎక్కువ ఆవిరవుతాయి గనక రోజుకి రెండుసార్లు చూసుకోవాలి. ఎండలు బాగా ముదిరే ఊళ్ళలో ఫ్యాను చాలదు, చిల్లరు కావాలి. ఈ సరదాలో పెద్ద ఖర్చు అదే. ఆ ఖర్చు పెట్టగలమా అని తొట్టి కొనక ముందే ఇంట్లో మాట్లాడుకోండి. హైదరాబాదు లాంటిచోట డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు నీళ్ళు చల్లబడితే హీటరు వెయ్యాలి. వేడి ఎంతుందన్నదొక్కటే కాదు, పగటికీ రాత్రికీ తేడా తక్కువ ఉండటం కూడా ముఖ్యం.

కరెంటు పోతే చేపలకీ ఎనిమోన్‌కీ గాలి అందదు. పంపుని ఇన్వర్టరు లైనుకి కలిపించండి. అది లేనివాళ్ళు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

ఈ ఇంట్లో ఆడదే పెద్ద!

ముందుగా క్లౌన్ చేపల్ని తెచ్చుకోవాలి. చిన్నవి రెండు చాలు. వీటి కాపురం వింటే మనకి భలే నవ్వొస్తుంది. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే! జంటలో పెద్దదీ గట్టిదీ ఆడచేపగా మారుతుంది. మిగిలింది మగచేపగా ఉండిపోతుంది. ఆడచేప పోతే మగచేపే ఆడదిగా మారి ఇంటిపెద్దరికం తీసుకుంటుంది. గుడ్లు పెట్టాక వాటికి కాపలా కాస్తూ, రెక్కలతో విసిరేది మాత్రం మగచేపే. మన మగవాళ్ళకి ఈ పేరా చదివి వినిపించండి!

సముద్రంలో పట్టినవాటికన్నా హేచరీలో పుట్టినవి కొనండి. అవి మేతకి అలవాటుపడి ఉంటాయి, సముద్రంలోనూ తరగవు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీల్లో పుట్టించే పద్ధతుల్ని మనదేశంలోనే తయారుచేసింది. షాపులో "ఇవి హేచరీవేనా?" అని అడగండి. పదిమంది అడిగితేనే వాళ్ళు తెప్పిస్తారు.

ఎనిమోన్ కొనేటప్పుడు...

ప్రపంచంలో వెయ్యికి పైగా రకాల ఎనిమోన్లుంటే, క్లౌన్ చేపలు కాపురముండేవి పది రకాలే. అందులో ఇంట్లో పెంచడానికి మిగతావాటికన్నా ఓర్చుకునేది 'బబుల్ టిప్' రకం. దాని వేళ్ళ చివర్లు బుడగల్లా ఉబ్బి ఉంటాయి. ఇది తనంతట తానే రెండుగా చీలి రెండు ఎనిమోన్లు అవుతుంది. అలా తొట్టిలో పుట్టినది దొరికితే అంతకన్నా మంచిది లేదు. 'కార్పెట్' రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అరమీటరుకు పైగా విచ్చుకుంటుంది, తొట్టిలోని చేపల్ని మింగేస్తుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి అది వద్దు.

కొనేముందు కూరగాయలు ఎంచినట్టే ఎంచాలి. నోరు మూసుకుని ఉండాలి, పాదం చిరగకుండా రాయినో అద్దాన్నో గట్టిగా పట్టుకుని ఉండాలి. మేత తగిలితే వేళ్ళు అంటుకోవాలి. తెల్లగా మెరిసిపోతుంటే అందమని మురిసిపోకండి. ఆ తెలుపు పాలిపోవడం వల్ల వచ్చింది. నిమ్మపండు పసుపు, ముదురు గులాబీ లాంటి రంగుల్లో ఒళ్ళంతా ఒకేలా ఉంటే రంగు అద్దారేమోనని అనుమానించండి. వారం రోజులు షాపులోనే ఉంచమని చెప్పి, మళ్ళీ వెళ్ళి చూసి అప్పుడు కొనండి.

ఇంటికి తెచ్చాక...

కవరు విప్పి ఒక్కసారిగా తొట్టిలో కుమ్మరించవద్దు. ముందు కవరుని అలాగే తొట్టినీటిలో పావుగంట తేలనిచ్చి వేడి సమానం కానివ్వండి. తర్వాత శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెలోకి నీటితో సహా వంచి, సన్నని ఎయిర్ ట్యూబుకి ముడివేసి, సెలైన్ ఎక్కించినట్టు తొట్టినీళ్ళు చుక్కచుక్కగా గంటసేపు పడనివ్వండి. అప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకుని ఎత్తి, రాళ్ళ సందులో పాదం ఆనేలా పెట్టండి. ఆ పూటకి లైటు తగ్గించండి. అది రాతిని పట్టుకునేదాకా పంపు ఆపండి.

అన్నట్టు, అది మనం పెట్టినచోటే ఉండదు! మెల్లగా నడుచుకుంటూ తనకి నచ్చిన వెలుతురు, నచ్చిన నీటి వాలు వెతుక్కుంటుంది. పెరికి మళ్ళీ మనకి కనబడేచోట పెట్టొద్దు. పాదం చిరిగితే కోలుకోవడం కష్టం. ఇలా తిరిగేటప్పుడే పెద్ద ప్రమాదం ఉంది. పంపు నీళ్ళు పీల్చేచోట చిక్కుకుంటే నలిగి ముక్కలైపోతుంది. ఆ ముక్కలతో నీళ్ళు పాడై తొట్టి మొత్తం పోవచ్చు. అందుకే దాన్ని తేకముందే ప్రతి పంపు మూతికీ స్పాంజి గానీ సన్నరంధ్రాల జాలీ గానీ బిగించాలి. ఇది రేపు చేద్దాంలే అనుకునే పని కాదు.

చేపలు వెంటనే అందులోకి వెళ్ళకపోతే బెంగపడకండి. కొన్ని ఒక గంటలో వెళతాయి, కొన్నిటికి నెలలు పడుతుంది. వలతో తరిమి నెట్టొద్దు.

తిండి

ఎనిమోన్‌కి వారానికోసారి చిటికెనవేలి గోరంత పచ్చిరొయ్య ముక్క చాలు. ఉప్పు, పసుపు తగలని ముక్క అయ్యుండాలి. ప్లాస్టిక్ పట్టకారుతో మెల్లగా వేళ్ళ మీద ఉంచితే అదే నోట్లోకి తీసుకుంటుంది. పెద్ద ముక్క పెడితే రెండ్రోజులకి కక్కేస్తుంది, నీళ్ళు పాడవుతాయి. నీచు ఇంట్లోకి రానివ్వనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. షాపులో దొరికే పొడి గుళికలమేత చేపలకి వేస్తే, ఒక్కోసారి అవే కొంత తీసుకెళ్ళి ఎనిమోన్‌కి పెడతాయి! వెలుతురు బాగుంటే దానికి చాలామటుకు గడిచిపోతుంది. అన్నం మెతుకులు, బ్రెడ్డు, బిస్కెట్లు మాత్రం వెయ్యనేవద్దు. చంటిపిల్లలున్న ఇంట్లో తొట్టి మూత జాగ్రత్త!

మన వంటింటి జాగ్రత్తలు

రాగి ఎనిమోన్‌కి విషం. రాగి బిందెలో, ఇత్తడి చెంబులో పట్టిన నీళ్ళు తొట్టిలో పొయ్యొద్దు. చేపలకి తెల్లమచ్చల జబ్బుకిచ్చే మందుల్లో కూడా చాలావాటిలో రాగి ఉంటుంది. చేపకి జబ్బు చేస్తే దాన్ని వేరే టబ్బులోకి మార్చి అక్కడ వైద్యం చెయ్యాలి. మందు తొట్టిలో పొయ్యకూడదు.

గిన్నెల సబ్బు, ఫినాయిలు తగిలిన చేతులు నీళ్ళలో పెట్టకండి. దోమలమందు, బొద్దింకల స్ప్రే తొట్టి ఉన్న గదిలో కొట్టొద్దు. అగరొత్తుల పొగ కూడా ఎయిర్ పంపు దగ్గర వద్దు. మా ఇంట్లో తొట్టికని విడిగా ఒక బకెట్టు, మగ్గు ఉన్నాయి. మగ్గుకి ఎర్రదారం కట్టి ఉంచాను. పనమ్మాయితో సహా ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు.

ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

ఎనిమోన్ అప్పుడప్పుడు ముడుచుకుని, నోట్లోంచి గోధుమరంగు తీగలాంటిది వదులుతుంది. అది దాని విసర్జన, భయపడక్కర్లేదు. కొన్ని గంటల్లో మళ్ళీ విచ్చుకుంటుంది. కానీ రోజుల తరబడి ముడుచుకునే ఉన్నా, నోరు తెరుచుకుని లోపలిది బయటికి వచ్చినట్టున్నా, రోజురోజుకీ పాలిపోతున్నా వెంటనే నీళ్ళు పరీక్షించండి. ఉప్పు, వేడి, అమ్మోనియా మూడూ చూసుకుని, కొంత నీరు మార్చండి. పట్టు వదిలి, ముట్టుకుంటే జారిపోతూ, కుళ్ళువాసన వస్తుంటే అది పోయినట్టే. ఆలస్యం చెయ్యకుండా తీసేసి, ఎక్కువ నీళ్ళు మార్చండి. చేపల్నైనా కాపాడుకోవాలి కదా!

ఎనిమోన్ లేకపోయినా...

ఆఖరుగా ఒక ముఖ్యమైన మాట. సముద్రంలో శత్రువులుంటారు గనక క్లౌన్ చేపకి ఎనిమోన్ కావాలి. మన తొట్టిలో దాన్ని తరిమేవాళ్ళెవరూ లేరు. ఎనిమోన్ లేకుండానే అది హాయిగా బతుకుతుంది, గుడ్లు కూడా పెడుతుంది. ఏ పూలకుండీ మూలనో, రాతి సందునో ఇల్లు చేసుకుంటుంది. కాబట్టి "చేపలు పాపం ఒంటరిగా ఉన్నాయి" అని తొందరపడి ఎనిమోన్‌ని తేవలసిన పని లేదు. ఏడాది చేపల్ని చూసుకోండి. వేసవి గడిచిందా? నీళ్ళు నిలకడగా ఉన్నాయా? వారంవారం పని విసుగు పుట్టకుండా సాగుతోందా? అప్పుడు తెచ్చుకోండి. లేదంటే చేపలతోనే సంతోషపడండి, తప్పేం లేదు. ముసలితనం ఛాయలే కనబడని ఆ జీవిని చంపుకోవడానికి కొనుక్కోవడం కన్నా సముద్రంలో ఉండనివ్వడమే పుణ్యం.

గుర్తుంచుకోండి

* రోజూ: థర్మామీటరు చూడండి. తగ్గిన మేరకి ఉత్త ఆర్వో నీళ్ళు పోయండి. చేపలకి రెండు పూటలా చిటికెడు మేత చాలు.

* వారానికోసారి: ఒక బకెట్టు, అంటే సుమారు 20 లీటర్ల నీళ్ళు తీసి, ముందురోజు కలిపిపెట్టిన ఉప్పునీళ్ళు అంతే పోయండి. ఉప్పదనం, అమ్మోనియా, నైట్రేట్ పరీక్షించండి.

* నెలకోసారి: పంపులు విప్పి కడగండి. పంపు మూతి స్పాంజిని సబ్బుతో కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్ళతోనే కడగండి.

* ఉండాల్సిన కొలతలు: వేడి 24-27 డిగ్రీలు, ఉప్పదనం 1.025, పీహెచ్ 8.1-8.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా.

* పండక్కి ఊరెళితే: వారం రోజులు తిండి లేకపోయినా ఎనిమోన్ ఉండగలదు. కరెంటు, నీటిమట్టం చూసే మనిషిని మాత్రం పెట్టి వెళ్ళండి. మేత ఎంత వెయ్యాలో చిన్నచిన్న పొట్లాలు కట్టి, మీద వారాల పేర్లు రాసి ఇవ్వండి. లేకపోతే ప్రేమకొద్దీ ఒక్కపూటే అంతా వేసేస్తారు!